గంటకి ఎంత

ఎడమకి తిప్పినప్పుడల్లా టక్కుమంటోంది.
మొదట సీటు కింద సీసా దొర్లుతోందేమో అనుకున్నాను.
తర్వాత రేడియో గొంతు పెంచాను, వినపడకుండా.
పదకొండేళ్ల బండి, లక్షా పన్నెండు వేల మైళ్లు.
గ్రిమ్స్‌బీ ఉప్పుగాలి తిని తిని
తలుపుల అంచులు బిస్కెట్ పొడిలా రాలుతున్నాయి.
అయినా అది ఆగితే నా రోజు ఆగుతుంది:
ఏడింటికి మిసెస్ టాస్కర్ స్నానం,
ఏడూ నలభైకి ఆర్నాల్డ్ మాత్రలు,
ఆ తర్వాత ఊరి చివర, కట్టు మార్చాల్సిన కాలు.

ముందు కంపెనీ షోరూంకే వెళ్లాను.
గాజు గోడలు. అడుగు పెట్టేముందు
మన బూట్లు మనమే చూసుకునేంత తెల్లటి నేల.
కాఫీ యంత్రం ఏడు రకాలు పోస్తుంది, ఉచితం.
రెండు కప్పులు తాగాను,
ఎలాగూ కట్టేది నేనేనని తెలిసిపోయి.

టై కట్టుకున్నాయన తెర నా వైపు తిప్పాడు.
పరీక్షకి నూట ఇరవై తొమ్మిది పౌండ్లు, అది అప్పటికే కట్టేశాను.
"కంట్రోల్ ఆర్మ్‌లు రెండూ మార్చాలండీ,
ఒకటి పోతే రెండోదీ పోతుంది."
పని గంటకి నూట అరవై ఐదు. ఆ పైన వ్యాట్.
వెరసి ఏడు వందల తొంభై నాలుగు పౌండ్ల ఇరవై పెన్నీలు.
ఆ ఇరవై పెన్నీల దగ్గర నవ్వొచ్చింది.
ముక్కు పిండి వసూలు చేసేవాళ్లకి
చిల్లర దగ్గర ఎంత నిజాయితీ!

"ఆలోచించుకుంటాను" అన్నాను.
డబ్బులేని నోట ఆ మాటకి ఒకటే అర్థం,
ఆయనకీ తెలుసు.

తాళాలు తెచ్చిచ్చిన కుర్రాడు,
రీస్ అని జేబు మీద కుట్టుంది,
అద్దం తుడుస్తున్నట్టు వంగి
పెదాలు కదపకుండా అన్నాడు:
"చేపల రేవు వెనక నెవిల్ దగ్గరికి వెళ్లండి.
లింక్ రాడ్ చూడమనండి.
నేను చెప్పానని మాత్రం అనకండి."

సగం ఎత్తిన షట్టర్. మూడేళ్ల కిందటి క్యాలెండర్.
ఆ కొట్టులో శుభ్రంగా ఉన్నవి పానాలు మాత్రమే.
నెవిల్ అట్టముక్క పరుచుకుని కిందికి జారాడు,
చక్రాన్ని రెండుసార్లు ఊపాడు,
జానెడు కడ్డీ ఒకటి పట్టుకుని పైకొచ్చాడు.
"ఇదే."
గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తారన్నమాట.
అట్ట వెనకే బిల్లు రాశాడు: ఎనభై.
డెబ్భై ఎనిమిదే తీసుకున్నాడు,
పర్సులో మిగిలింది అంతే కనక.

"రీసేగా పంపింది?"
నేను గోడమీది క్యాలెండర్ చూశాను.
"ఆరేళ్లు ఈ బల్ల దగ్గరే నేర్చుకున్నాడు.
పాప పుట్టాక వెళ్లిపోయాడు.
అక్కడ జ్వరమొస్తే జీతం ఆగదు,
జనవరిలో వేళ్లు పగలవు.
నేను తీసుకునేది గంటకి యాభై ఐదు, అందులో అవి లేవు.
నాకే జ్వరమొస్తే షట్టర్ దించడమే."
మళ్లీ చేతులు తుడుచుకున్నాడు,
అప్పటికే తుడిచిన చేతుల్ని.

తిరుగుదారిలో టక్కు లేదు.
అక్కర్లేని వీధుల్లోకి కూడా ఎడమకి తిప్పి చూశాను.
ఆ నిశ్శబ్దంలో లెక్క మొదలైంది.
నా గంటకి ఏజెన్సీ తీసుకునేది ఇరవై తొమ్మిది.
నా చేతికొచ్చేది పన్నెండూ అరవై.
మధ్యలోది ఏ గాజు గోడకి పోతోందో,
ఏ కాఫీ యంత్రానికో.

కిందటి నెల మిసెస్ టాస్కర్
నా సబ్బు చెయ్యి పట్టుకుని అంది:
"మధ్యలో వాళ్లెందుకు? పద్దెనిమిదిస్తాను, నువ్వే రా."
ఊ అనలేకపోయాను.
నడుం పట్టేసిన వారం గుర్తొచ్చింది,
మంచం దిగకపోయినా ఎంతో కొంత జీతం పడిన శుక్రవారం.

మర్నాడు ఆవిడ వీపు తుడుస్తూ
నెవిల్ గురించి చెప్పాను, కడ్డీ గురించి,
ఇరవై పెన్నీల గురించి.
ఆవిడ దగ్గొచ్చేదాకా నవ్వింది.

రీస్ పేరు మాత్రం ఎత్తలేదు.